సస్పెన్స్ ఖాతా లేని ఊళ్ళు

2024 సెప్టెంబర్‌లో మా సంఘం సమావేశం జరిగిన రోజు అందరి నోటా ఒకటే వార్త. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం, బస్తర్ ప్రాంతంలోని సుక్మా జిల్లా, కోంటా దగ్గర ఎత్కల్ అనే ఊళ్ళో సెప్టెంబర్ 15న ఒకే కుటుంబానికి చెందిన ఐదుగురిని ఊరివాళ్ళే కొట్టి చంపారు. చేతబడి చేస్తున్నారని అనుమానం. చనిపోయినవాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు. అంతకు కొద్ది రోజుల ముందే అదే రాష్ట్రంలో, బలోదా బజార్ జిల్లాలో, ఇదే అనుమానంతో ఇంకో నలుగుర్ని చంపారు. అందులో ఒకరు పసిబిడ్డ.

కోంటా మనకి దూరం కాదు. చింతూరు దాటి వెళితే వచ్చేది అదే. శబరి నది ఒడ్డున ఉంటుంది. అక్కడ సంతలో తెలుగు మాట్లాడితే బేరం కుదురుతుంది.

సమావేశంలో ఒక పెద్దమనిషి అన్నాడు: "ఆ అడవి జనానికి బుర్ర లేదండీ. చదువు లేదు. ఎంత చెప్పినా ఎక్కదు. వాళ్ళని ఎవరూ బాగు చెయ్యలేరు." అందరూ తలలు ఊపారు. నేను కూడా ఊపాను. ఇంటికి వచ్చాక ఆ తల ఊపడం నన్ను బాధ పెట్టింది. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

ముందే చెబుతున్నాను. నేను చదివింది బి.కాం. చేసింది రక్షణ శాఖలో లెక్కల ఉద్యోగం. మనస్తత్వ శాస్త్రంలో నాకు డిగ్రీ లేదు. రిటైరయ్యాక తీరిక దొరికి సామాజిక మనస్తత్వ శాస్త్రం మీద, సంస్థల మనస్తత్వం మీద కొన్ని పుస్తకాలు చదివాను. అర్థమైనంత వరకు రాస్తున్నాను. తప్పులుంటే చెప్పండి, దిద్దుకుంటాను.

తేడాని ఏం చెయ్యాలి?

లెక్కలు రాసినవాళ్ళకి సస్పెన్స్ ఖాతా అంటే తెలుసు. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. డెబిట్లు ఒక పక్క, క్రెడిట్లు ఒక పక్క కూడితే రెండూ సమానం కావాలి. ఒక్కోసారి కావు. 412 రూపాయలు తేడా వస్తుంది. ఎక్కడ పొరపాటు జరిగిందో వెంటనే దొరకదు. అప్పుడు ఆ 412 రూపాయల్ని ఎవరో ఒకరి పేరున రాసెయ్యకూడదు. సస్పెన్స్ ఖాతాలో వేస్తాం. అంటే "దీని కారణం మాకు ఇంకా తెలియదు, వెతుకుతున్నాం" అని పుస్తకంలోనే రాసి ఒప్పుకోవడం. తర్వాత ఓచర్లు తిరగేసి, కారణం కనిపెట్టి, ఆ ఖాతాని తీర్చేస్తాం. ఏళ్ళ తరబడి తీరకుండా పడి ఉంటే ఆడిట్ వాళ్ళు ఊరుకోరు.

నా దృష్టిలో హేతువాదం అంటే ఇదే. తెలియనిదాన్ని తెలియనిదిగా రాసి పెట్టుకుని, వెతకడం మానకుండా ఉండటం.

ఇప్పుడు ఒక అడవి ఊరిని ఊహించుకోండి. ఒక నెలలో ముగ్గురు పిల్లలు చనిపోయారు. పోయినవారం దాకా ఆడుకున్న పిల్లలు. జ్వరం వచ్చింది, ఫిట్స్ వచ్చాయి, ఏదేదో మాట్లాడారు, పోయారు. ఇది ఆ ఊరి లెక్కలో పెద్ద తేడా. కారణం చెప్పే డాక్టరు లేడు. పరీక్ష లేదు. ఆ తేడాని వెయ్యడానికి సస్పెన్స్ ఖాతా కూడా లేదు. ఎందుకంటే సస్పెన్స్ ఖాతా తెరవాలంటే ఏనాటికైనా దాన్ని తీర్చేవాడు ఒకడు వస్తాడన్న నమ్మకం ఉండాలి. ఎన్నడూ ఎవరూ రాని ఊళ్ళో ఆ నమ్మకం ఎక్కడినుంచి వస్తుంది? అందుకని ఆ మరణాల్ని ఎవరో ఒకరి పేరున ఖర్చు రాసేస్తారు. ఆ పేరు సాధారణంగా ఒక విధవరాలిది, లేకపోతే ముసలిదానిది, లేకపోతే ఊరితో తగాదా ఉన్న ఇంటిది.

ఇవాన్స్ ప్రిచర్డ్ అనే మానవ శాస్త్రజ్ఞుడు ఆఫ్రికాలోని అజాండే తెగ మీద 1937లో ఒక పుస్తకం ప్రచురించాడు. అందులో ఒక ఉదాహరణ ఉంది. ధాన్యపు గాదె కూలి, దాని నీడలో కూర్చున్నవాళ్ళ మీద పడింది. చెదలు తిని స్తంభాలు బలహీనపడ్డాయని అజాండేలకి తెలుసు. ఎండకి జనం గాదె కింద కూర్చుంటారనీ తెలుసు. వాళ్ళు అడిగే ప్రశ్న వేరు. సరిగ్గా వీళ్ళు కూర్చున్నప్పుడే అది ఎందుకు కూలాలి? ఈ ప్రశ్నకి వాళ్ళ జవాబు చేతబడి. మనం "కాకతాళీయం" అంటాం. నిజానికి కాకతాళీయం అన్నది జవాబు కాదు, సస్పెన్స్ ఖాతాకి ఇంకో పేరు. కడుపుకోత ఉన్న తల్లికి ఆ మాట చాలదు.

దోమ నిన్నే ఎందుకు కుట్టింది?

మా చిన్నాన్న కొడుకు జగదల్‌పూర్‌లో చాలా ఏళ్ళుగా వ్యాపారం చేస్తున్నాడు. అక్కడ తెలుగు కుటుంబాలు బాగానే ఉన్నాయి. 2025 జనవరిలో విశాఖ నుంచి కిరండూల్ పాసింజర్ ఎక్కి, అరకు, కోరాపుట్ మీదుగా వాడి దగ్గరికి వెళ్ళాను. పది రోజులు ఉన్నాను. వాడే నన్ను ఒక మితానిన్ దగ్గరికి తీసుకెళ్ళాడు. మితానిన్ అంటే స్నేహితురాలు అని అర్థం. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2002లో మొదలుపెట్టిన పథకం. ప్రతి పల్లెకీ ఆ పల్లె మనిషినే, ఒక ఆడమనిషిని, ఆరోగ్య కార్యకర్తగా పెట్టారు. మన దగ్గర ఆశా కార్యకర్తలు వచ్చింది ఆ తర్వాతే.

ఆవిడ చెప్పింది మా తమ్ముడు తెలుగు చేసి వినిపించాడు. "రక్తం పరీక్ష చేసి మలేరియా అని చెబుతాను. మలేరియా సరే, దోమ మా పిల్లాడినే ఎందుకు కుట్టింది, పక్కింటివాడిని ఎందుకు కుట్టలేదు అని అడుగుతారు."

"మరి మీరేం చెబుతారమ్మా?" అన్నాను.

"పక్కింటివాడినీ కుట్టింది, నన్నూ కుట్టింది అంటాను. నాకూ వచ్చింది, ఈ మాత్రలే మింగాను, బతికే ఉన్నాను కదా, చూడు అంటాను. ఆ తర్వాత పక్కింటికి వెళ్ళి అక్కడ కూడా పరీక్ష చేస్తాను."

బయటికి వచ్చాక మా తమ్ముడు నవ్వుతూ అన్నాడు, "అన్నయ్యా, నీ పుస్తకాల్లో ఇంతకంటే మంచి జవాబు ఉందా?" లేదు. అజాండేల ప్రశ్నకి ఆవిడ ఇచ్చినంత మంచి జవాబు నేను చదవలేదు. దోమ నిన్నే ఎంచుకోలేదు, అందరినీ కుట్టింది అని ఆవిడ పరీక్ష చేసి మరీ చూపిస్తోంది.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. 2020 జనవరిలో "మలేరియా ముక్త్ బస్తర్" పేరుతో ఇంటింటికీ తిరిగి, జ్వరం ఉన్నా లేకపోయినా ప్రతి మనిషికీ పరీక్ష చేశారు. మొదటి విడతలో సుమారు 14 లక్షల మందిని పరీక్షిస్తే 64 వేల పైచిలుకు మందికి మలేరియా బయటపడింది. వాళ్ళలో సగానికి పైగా జనానికి జ్వరం లేదు, ఏ లక్షణమూ లేదు. తిరుగుతున్నారు, పని చేసుకుంటున్నారు. వాళ్ళ ఒంట్లో ఉన్న క్రిమి దోమ ద్వారా పక్కవాళ్ళకి పోతోంది. వాళ్ళకి కూడా మందు ఇచ్చారు. తర్వాతి విడతల్లో మలేరియా శాతం బాగా తగ్గింది.

ఇక్కడ ఒక విచిత్రం గమనించండి. "పైకి బాగానే కనపడే పొరుగువాడి నుంచి, కంటికి కనపడకుండా, మా ఇంటికి జబ్బు వస్తోంది" అని ఊరివాళ్ళు అనుకున్నారు. ఆ మాటలో సగం నిజం! పొరుగువాడి పాత్ర ఉంది, అతని తప్పు మాత్రం లేదు. బస్తర్‌లో ఎక్కువగా ఉండే ఫాల్సిపారం మలేరియా మెదడుకి ఎక్కితే మూర్ఛలు, సంధి మాటలు వస్తాయి. చూసేవాళ్ళకి అది దయ్యం పట్టినట్టే ఉంటుంది. వాళ్ళు కళ్ళతో చూసింది తప్పు కాదు. ఖర్చు రాసిన పద్దు తప్పు.

మా ఆఫీసులో మంత్రగత్తె

"ఎంతైనా అది అడవి, మనం చదువుకున్నవాళ్ళం" అనుకునే మిత్రుల కోసం నా సొంత అనుభవం చెబుతాను. దీన్ని ఇంతవరకూ ఎక్కడా చెప్పలేదు.

1988 ప్రాంతం. నేను పనిచేసిన ఒక ఆఫీసులో, ఊరు పేరు వద్దు, మా సెక్షన్‌కి ఒక టైపిస్టు వచ్చింది. భర్త సర్వీసులో ఉండగా పోతే కారుణ్య నియామకం మీద వచ్చిన మనిషి. పాతికేళ్ళుంటాయి. ఆమె వచ్చిన రెండు నెలల్లో మా సూపరింటెండెంటుకి గుండెపోటు వచ్చింది, ఇంకొకాయన స్కూటర్ మీద నుంచి పడ్డాడు. పొద్దున్నే ఆమె ఎదురొస్తే కొందరు వెనక్కి తిరిగి వరండాలో నిలబడి వచ్చేవారు. అందరం గ్రాడ్యుయేట్లమే.

ఆ సంవత్సరం మార్చి నెలాఖరు హడావుడిలో ఒక చెక్కుల షెడ్యూలు కనపడకుండా పోయింది. ఎవరు పోగొట్టారు? ఈ ప్రశ్న వేసిన మరుక్షణమే జవాబు సిద్ధంగా ఉంది. ఆవిడే. మెమో ఇచ్చారు. ఆమె ఏడుస్తూ "నా టేబుల్ మీదికి అది రానే లేదండీ" అంది. ఎవరూ నమ్మలేదు. అంటే, ఎవరూ నమ్మలేదని నేను అనుకున్నాను. ఆ కాగితం ఆ రోజు ఎవరి చేతుల మీదుగా వెళ్ళిందో డిస్పాచ్ రిజిస్టర్ చూస్తే తెలుస్తుంది. నేను చూశాను కూడా. ఆమె దగ్గరికి వెళ్ళినట్టు సంతకం లేదు. అయినా నోరు విప్పలేదు. కొత్తవాణ్ణి, ఇంకా కన్ఫర్మ్ కాలేదు, పెద్దలందరూ ఒక మాట మీద ఉన్నారు.

మూడు నెలల తర్వాత ఆ షెడ్యూలు వేరే ఓచర్ వెనకాల పిన్ను చేసి దొరికింది. అప్పుడు టీ తాగుతూ ఒక్కొక్కరే బయటపడ్డారు. "నాకు అప్పుడే అనుమానమేనోయ్, ఆవిడ కాదని" అన్నారు. లెక్కపెడితే నాతో కలిపి ఐదుగురం. ఎనిమిది మంది ఉన్న సెక్షన్‌లో ఐదుగురికి ఆమె తప్పు లేదని తెలుసు! ప్రతివాడూ తనొక్కడికే ఆ అనుమానం అనుకుని ఊరుకున్నాడు. అప్పటికే ఆమె బదిలీ పెట్టుకుని వెళ్ళిపోయింది. ఎవరం క్షమాపణ చెప్పలేదు.

ఈ జబ్బుకి సామాజిక మనస్తత్వ శాస్త్రంలో పేరు ఉంది. ప్లూరలిస్టిక్ ఇగ్నొరెన్స్ అంటారు. "అందరూ నమ్ముతున్నారని అందరూ అనుకోవడం" అని నేను తెలుగు చేసుకున్నాను.

సోలమన్ యాష్ అనే ఆయన 1950ల మొదట్లో చేసిన ప్రయోగం చాలామందికి తెలిసే ఉంటుంది. ఒక గీతకి సమానమైన గీత ఏదో చెప్పాలి. చిన్నపిల్లలు కూడా చెప్పగలరు. కాని గదిలో మిగతావాళ్ళందరూ, ముందే మాట్లాడుకుని, తప్పు జవాబు చెబుతారు. అసలు మనిషి మూడో వంతుకి పైగా సందర్భాల్లో కళ్ళెదురుగా ఉన్నదాన్ని వదిలేసి వాళ్ళతో పాటు తప్పు చెప్పాడు. ఈ ప్రయోగం గురించి రాసేవాళ్ళు చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. ముఖ్యమైనది తర్వాత ఉంది. గుంపులో ఒక్కడంటే ఒక్కడు సరైన జవాబు చెబితే, ఆ లొంగిపోవడం దాదాపు నాలుగో వంతుకి పడిపోయింది.

ఒక్కడు చాలు! మా సెక్షన్‌లో ఆ ఒక్కడు నేను కావచ్చు. కాలేదు. ఎత్కల్‌లో కూడా చంపడం ఇష్టం లేనివాళ్ళు ఉండి ఉంటారని నేను అనుకుంటున్నాను. తమలాంటివాళ్ళు ఇంకా ఉన్నారని వాళ్ళకి తెలిస్తే ఏమయ్యేదో!

హేతువాదులు చేసే చేతబడి ఆరోపణ

ఇప్పుడు మా పెద్దమనిషి మాటకి వస్తాను. "వాళ్ళకి బుర్ర లేదు" అన్నాడు.

లీ రాస్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1977లో ఒక పొరపాటుకి పేరు పెట్టాడు. ఎదుటివాడు ఏదైనా తప్పు చేస్తే దానికి కారణం వాడి స్వభావం అంటాం. వాడు ఉన్న పరిస్థితిని లెక్కలోకి తీసుకోం. మనం చేస్తే మాత్రం పరిస్థితులు అలా వచ్చాయంటాం. నా విషయమే చూడండి. నేను నోరు విప్పకపోవడానికి "ఇంకా కన్ఫర్మ్ కాలేదు" అని పైన ఎంత చక్కగా కారణం రాసుకున్నానో!

ఊరివాడు పిల్లాడి చావుకి కారణం వెతకకుండా ఒక మనిషిని వెతికాడు. మనం ఐదుగురి హత్యకి కారణం వెతకకుండా ఒక జాతిని వెతికాం. ఈ రెండు ఆలోచనల్లో నాకు పద్ధతిలో తేడా కనపడటం లేదు. "ఎందుకు" అని అడగాల్సిన చోట "ఎవరు" అని అడగడమే చేతబడి నమ్మకం అయితే, మనం కూడా ఆ నమ్మకస్తులమే.

బుర్ర లేకపోవడం, అడవిలో ఉండటం కారణం అనుకుందాం. మరి 2021లో జాతీయ నేర గణాంకాల ప్రకారం చేతబడి కారణంగా దేశంలో 68 హత్యలు జరిగితే, ఛత్తీస్‌గఢ్‌లో 20, మధ్యప్రదేశ్‌లో 18, ఆ తర్వాతి స్థానంలో 11 హత్యలతో మన తెలంగాణ ఎందుకుంది? బాణామతి, చేతబడి, చిల్లంగి అని మన తెలుగులోనే దీనికి ఇన్ని పేర్లు ఎందుకున్నాయి?

బస్తర్ గురించే 1943లో వెరియర్ ఎల్విన్ ఒక పుస్తకం రాశాడు. మారియా గోండుల్లో జరిగిన 100 హత్య కేసుల కాగితాలు తిరగేశాడు. అంటే ఆడిట్ చేశాడన్నమాట. "అడవి మనుషులు, రక్తం తాగుతారు" అని దొరలు అనుకునే రోజుల్లో ఆయన చూసింది తాగుడు, ఇంటి తగాదాలు, ఆస్తి తగాదాలు, ఆలుమగల అనుమానాలు, రోజంతా పని చేసి వచ్చిన అలసట. ఎక్కడైనా మనుషులు చంపుకునే కారణాలే. ఎల్విన్ అభిప్రాయాలన్నిటితోనూ నాకు ఏకీభావం లేదు. కాని ముందు కాగితాలు చూసి తర్వాత మాట్లాడిన పద్ధతి మాత్రం మనం నేర్చుకోవలసినదే.

పైగా బస్తర్ పరిస్థితి ఇంకొకటి ఉంది. 2005లో సల్వా జుడుం మొదలైన తర్వాత ఆ పల్లెల్లో పక్కింటివాడు ఎవరి మనిషో తెలియని కాలం వచ్చింది. ఒక పక్కవాళ్ళు ఇన్‌ఫార్మర్ అని చంపారు, ఇంకో పక్కవాళ్ళు నక్సలైట్ అని ఇళ్ళు కాల్చారు. వేలమంది ఊళ్ళు వదిలి ఖమ్మం, వరంగల్ అడవుల్లోకి వచ్చారు. వాళ్ళనే మనం గుత్తికోయలు అంటున్నాం. 2011 జూలై 5న సుప్రీం కోర్టు ఆ గిరిజన యువకులకి తుపాకులిచ్చి స్పెషల్ పోలీసులుగా వాడటం రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. ఎత్కల్ హత్యలకి ఇదే కారణం అని నేను అనటం లేదు. రుజువు లేదు. కాని రుజువు లేకుండా మనిషి మీద ముద్ర వేసే అలవాటుని ఆ పల్లెలకి నేర్పినవాళ్ళలో చదువుకున్నవాళ్ళు కూడా ఉన్నారని మాత్రం గుర్తు చేస్తున్నాను.

ఉపన్యాసంతో అవుతుందా?

మన సంఘాలు చేసే కార్యక్రమం అందరికీ తెలిసిందే. పర్మాంగనేట్ మీద గ్లిజరిన్ పోసి మంట పుట్టిస్తాం. కర్పూరం వెలిగించి నోట్లో వేసుకుంటాం. తర్వాత గంటసేపు ఉపన్యాసం. జనం చప్పట్లు కొడతారు. మనం సంతోషంగా తిరిగి వస్తాం. ఆ కార్యక్రమాలు వద్దని నేను అనను. బాబాల మోసం బయటపెట్టడానికి అవి పనికొస్తాయి. కాని ఆ చప్పట్లు కొట్టినవాడు మర్నాడు పొద్దున్న గుంపులో నిలబడి "ఆమె కాదు" అనగలడా? దానికి మనం ఏం సాయం చేశాం?

రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలో మంచి మాంసం సైనికులకి వెళ్ళిపోయేది. ఇంట్లో గుండె, మూత్రపిండాలు లాంటివి వండుకొమ్మని గృహిణులకి నచ్చచెప్పవలసి వచ్చింది. కర్ట్ లెవిన్ ఈ పని మీద పరిశోధన చేశాడు. కొన్ని గుంపులకి మంచి ఉపన్యాసం ఇప్పించాడు. కొన్ని గుంపుల్లో ఆడవాళ్ళనే కూర్చుని మాట్లాడుకొమ్మని, చివర్లో ఎవరు వండుతారో చేతులెత్తమన్నాడు. తర్వాత విచారిస్తే ఉపన్యాసం విన్నవాళ్ళలో 3 శాతం వండారు, మాట్లాడుకున్నవాళ్ళలో 32 శాతం వండారు. విషయం రెండు చోట్లా ఒకటే. తేడా ఏమిటంటే, రెండో చోట ప్రతి మనిషీ పక్కవాళ్ళ చెయ్యి లేవడం కళ్ళారా చూసింది.

కాబట్టి నాకు తోచిన పద్ధతి ఇది.

1. ముందు లెక్క రాయాలి. ఊళ్ళో ఏడాదిలో జరిగిన ప్రతి చావు, ప్రతి పెద్ద జబ్బు, తేదీతో సహా. ఏది పరీక్షలో తేలింది, ఏది తేలలేదు. తేలనిదాన్ని "ఇంకా తెలియదు" అని రాయాలి. ఆ లెక్క మళ్ళీ చూడటానికి చెప్పిన రోజున వెళ్ళి తీరాలి. వెళ్ళకపోతే సస్పెన్స్ ఖాతా మీద నమ్మకం పోతుంది.

2. మీటింగ్ పెట్టకముందే ఒక్కొక్కరితో విడిగా మాట్లాడాలి. నమ్మనివాళ్ళు, సందేహం ఉన్నవాళ్ళు తప్పకుండా ఉంటారు. వాళ్ళలో ఇద్దరు ముగ్గురిని ఒకరికొకరిని తెలిసేట్టు చెయ్యాలి. మీటింగులో మొదటి మాట మనది కాకూడదు, వాళ్ళది కావాలి.

3. పెద్ద సభ వద్దు. పదిమంది గుండ్రంగా కూర్చోవాలి. చివర్లో "మన ఊళ్ళో ఎవరి మీదైనా ఇలాంటి మాట వస్తే ముందు రక్తపరీక్ష, తర్వాతే మాట" అని వాళ్ళ నోటితో వాళ్ళే అనుకుని చేతులెత్తాలి.

4. ఆరోపణ వచ్చినప్పుడు ఆడిటర్ అడిగే పాత ప్రశ్న అడగాలి. ఈమె పోతే లాభం ఎవరికి? ఆమె పేరున పొలం ఉందా? చేతబడి కేసుల వెనక భూమి తగాదా ఉండటం కొత్త కాదు.

5. జబ్బు చేస్తే జనం ముందు వెళ్ళేది సిరహా దగ్గరికి, గునియా దగ్గరికి. మన భాషలో భూతవైద్యుడు. ఫలానా మనిషి చేసిందని పేరు చెప్పేది చాలాసార్లు అతనే. ఏ వస్తువైనా ఇంట్లోకి రావాలంటే గుమ్మం దగ్గర ఒకరు అనుమతించాలి, ముందు ఆ మనిషిని ఒప్పించాలి అని లెవినే చెప్పాడు. సిరహాతో మాట్లాడి, జ్వరం వస్తే మితానిన్ దగ్గరికి పంపు, మనిషి పేరు మాత్రం చెప్పకు అని ఒప్పించగలిగితే ఒక ప్రాణం నిలుస్తుంది. ఇది మూఢనమ్మకంతో రాజీ కాదా అని మీరు అడగవచ్చు. నాకూ కొంచెం ఇబ్బందిగానే ఉంది. కాని అతన్ని శత్రువుని చేసుకుని సాధించేది ఏమిటో నాకు అర్థం కావటం లేదు.

కొన్ని అభ్యంతరాలు

"అయితే హంతకుల్ని వదిలెయ్యమంటారా?" అని ఒకరు అడుగుతారు. లేదు. కారణం చెప్పడం వేరు, క్షమించడం వేరు. ఛత్తీస్‌గఢ్‌లో 2005 నుంచి టోనహీ వేధింపుల నిరోధక చట్టం ఉంది. ఒక మనిషిని టోనహీ అని, అంటే మంత్రగత్తె అని, ముద్ర వేస్తేనే మూడేళ్ళ దాకా శిక్ష, వేధిస్తే ఐదేళ్ళ దాకా. హత్యకి హత్య శిక్షే. చట్టం ఉండాలి, అమలు కావాలి. కాని 2005 నుంచి 2024 దాకా చట్టం ఉండగానే ఎత్కల్ జరిగింది. చట్టం వచ్చేది శవం లేచాక. దానికి ముందు రావలసినవి పరీక్ష కిట్టు, ఒక్క గొంతు.

"ఈ ప్రయోగాలన్నీ అమెరికావాళ్ళ మీద చేసినవి కదా, బస్తర్‌కి ఎలా పనికొస్తాయి?" అనేది ఇంకా మంచి ప్రశ్న. హేతువాదులు శాస్త్రాన్ని కూడా ఆడిట్ చెయ్యాలి. మనస్తత్వ శాస్త్రంలో 100 పరిశోధనలని మళ్ళీ చేసి చూస్తే 40 శాతం కూడా సరిగ్గా నిలబడలేదని 2015లో తేలింది. 1964లో న్యూయార్క్‌లో ఒకామెను పొడిచి చంపుతుంటే 38 మంది చూస్తూ ఊరుకున్నారన్న కథ దశాబ్దాలు పాఠ్యపుస్తకాల్లో తిరిగింది. అది చాలావరకు అతిశయోక్తి అని తర్వాత బయటపడింది. 2019లో మూడు దేశాల వీధి కెమెరాల్లో రికార్డయిన 219 గొడవలు చూస్తే, పదింట తొమ్మిదిసార్లు ఎవరో ఒకరు అడ్డుపడ్డారు. కాబట్టి మనుషులు మనం అనుకున్నంత పిరికివాళ్ళు కారు. లెవిన్ లెక్కలు కూడా చిన్న గుంపుల మీద చేసినవే. అందుకని పైన చెప్పిన ఐదింటినీ వేదంలా తీసుకోవద్దు. నాలుగైదు పల్లెల్లో చేసి చూసి, ఫలితం రాసుకుని, పనికిరానిది తీసెయ్యాలి. అంతవరకూ అది సస్పెన్స్ ఖాతాలోనే ఉంటుంది.

జగదల్‌పూర్ నుంచి వచ్చాక జరిగిన సమావేశంలో నేను లేచి, "మొన్న మీరు బుర్ర లేదన్నప్పుడు నేను తల ఊపాను, ఆ తల ఊపడం వెనక్కి తీసుకుంటున్నాను" అన్నాను. పెద్దమనిషికి కోపం వచ్చింది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వెనక వరసలో ఒకాయన "నాకూ అప్పుడు ఆ మాట నచ్చలేదండీ" అన్నాడు. ఆయన తర్వాత ఇంకొకరు. ముప్పై ఏడేళ్ళు ఆలస్యంగా నేను యాష్ ప్రయోగం స్వయంగా చేసి చూశానన్నమాట.

ఆ టైపిస్టు ఇప్పుడు ఎక్కడుందో నాకు తెలియదు. ఉంటే ఆవిడా రిటైరై ఉంటుంది. ఆ డిస్పాచ్ రిజిస్టర్ నేను చూశానని, సంతకం లేదని ఆవిడకి ఇప్పటికీ తెలియదు. నా లెక్కల్లో ఇంకా తీరని పద్దు అది ఒక్కటే.